బొమ్మ గీయడం సాధన అవుతుందా, మనసు తేలికపడటం దగ్గరే ఆగిపోతుందా?

ప్రశ్న: వైనతేయతీరం

సభ్యులందరికీ నమస్కారం. నేను తెలుగు ఉపాధ్యాయినిగా పనిచేసి పదవీ విరమణ చేశాను. మాది కోనసీమలో వైనతేయ పాయ ఒడ్డున ఉన్న ఒక గ్రామం. బొమ్మలంటే చిన్నతనం నుంచీ ఇష్టమే గాని, ఉద్యోగమూ సంసారమూ నడిచినంత కాలం కుంచె పట్టే వీలు చిక్కలేదు. మా అమ్మ కాలం చేసిన తరువాత, ఇల్లంతా ఖాళీగా తోచే మధ్యాహ్నాలలో, మనవరాలు వదిలి వెళ్ళిన నీటిరంగుల పెట్టె తీసి మొదలుపెట్టాను. ఇప్పుడది నా దినచర్యలో భాగమైపోయింది.

నేను అడగదలచినది ఇది. బొమ్మ వేస్తున్నంతసేపూ నాలో ఎడతెగకుండా సాగే మాటలు తగ్గిపోతాయి. కాలువగట్టు మీద కూర్చుని, కొబ్బరితోట నీడ నీటిలో ఎక్కడ విరుగుతున్నదో ఎక్కడ కలుస్తున్నదో చూస్తున్నప్పుడు, చూస్తున్న నేను వేరు, ఆ నీడ వేరు అన్న స్పృహ కాసేపు పలచబడుతుంది. జపానికి కూర్చున్నప్పుడు నాకు ఎన్నడూ ఇంత నిలకడ కుదరలేదు. అయితే బొమ్మ పూర్తయి గోడకు ఆనించి చూసుకోగానే, బాగా వచ్చిందనో పాడైపోయిందనో లెక్క మొదలై, ఆ స్థితి ఆనవాలు లేకుండా పోతుంది. మా ఆడపడుచు నిత్యం విష్ణుసహస్రనామ పారాయణ చేస్తుంది. ‘వదినా, రంగులతో పొద్దుపుచ్చడానికీ భగవంతుణ్ణి తలచుకోవడానికీ తేడా ఉండదా?’ అని ఆమె ప్రేమగానే అడుగుతుంది. ఆమెకు ఏమని చెప్పాలో నాకు తోచడం లేదు.

ఇంకొక సంగతి కూడా ఉన్నది. ఇటీవల నా బొమ్మలన్నీ వరసగా పరచి చూసుకుంటే వాటిలో మనుషులు కనిపించలేదు. రేవు ఉన్నది, పడవ ఉన్నది, పెంకుటిల్లూ దాని అరుగూ ఉన్నాయి, అరుగు మీద కూర్చున్న వారు మాత్రం లేరు. నేను కావాలని వదిలినది కాదు. ఇది నా గురించి నాకు ఏదో చెబుతున్నదని అనిపిస్తున్నది, ఏమి చెబుతున్నదో తెలియదు.

చిత్రకళ నిజంగా ఆధ్యాత్మిక మార్గం కాగలదా? అయితే దేవతామూర్తులనే వేయాలా, చెట్టూ కాలువా వేసినా ఫరవాలేదా? ఈ దారిలో ముందుకు పోవాలంటే నేను ఏమి నేర్చుకోవాలి? అనుభవం ఉన్నవారు వివరంగా చెప్పగలరని ప్రార్థన.


జవాబు: గోదావరిగట్టు (రాజమహేంద్రవరం)

వైనతేయతీరం గారికి నమస్కారం. చాలాకాలంగా పిల్లలకూ పెద్దలకూ చిత్రలేఖనం నేర్పుతున్న మనిషిని గనుక, నాకు తెలిసినంత మేరకు చెబుతాను.

మీ మొదటి ప్రశ్నకు మన సంప్రదాయం సంశయం లేకుండానే జవాబు ఇచ్చింది. విష్ణుధర్మోత్తర పురాణంలో చిత్రసూత్రమని ప్రసిద్ధమైన భాగం ఉన్నది. అందులో మార్కండేయ మహర్షి వజ్రుడనే రాజుకు చిత్రవిద్యను ఉపదేశిస్తూ, కళలన్నింటిలోనూ చిత్రం శ్రేష్ఠమైనదనీ, అది ధర్మార్థకామాలతో పాటు మోక్షాన్ని కూడా ఇస్తుందనీ చెబుతాడు. ఆ భాగం ఆరంభంలోనే ఒక కథ వస్తుంది. నారాయణ ముని తపస్సును చెదరగొట్టడానికి అప్సరసలు వచ్చినప్పుడు, ఆయన మామిడి రసంతో ఒక స్త్రీ రూపాన్ని గీశాడు. ఆ రూపమే ఊర్వశి అయింది. ఆమె అందం ముందు నిలవలేక అప్సరసలు సిగ్గుపడి వెళ్ళిపోయారు. నేను ఈ కథలో గమనించేది గీసినవాడి స్థితిని. అంత అందాన్ని తన చేతితోనే పుట్టించిన ముని దానికి లోబడలేదు, గీయడం ముగించి తన తపస్సులో తానున్నాడు. బొమ్మను గోడకు ఆనించగానే మీలో మొదలవుతున్న ఆ లెక్క గురించి ఆలోచించేటప్పుడు ఈ కథను ఒకసారి మననం చేసుకోండి.

అయితే ఒక విషయంలో నేను మీతో విభేదించవలసి ఉన్నది. మీరు మనశ్శాంతిని గీటురాయిగా పెట్టుకున్నారు. బొమ్మ వేస్తుంటే మాటలు ఆగిపోవడం మంచిదే గాని, అది చాలామందికి మొదట్లోనే దొరుకుతుంది, కొంతకాలానికి తగ్గిపోతుంది కూడా. అది తగ్గిన రోజున ఈ దారి మూసుకుపోయిందని మీరు అనుకోకూడదు. నా దృష్టిలో చిత్రకారుడి సాధన అంతా చూపులో ఉన్నది. ఎదుట ఉన్నదాన్ని ఉన్నట్టు చూడటం మనం అనుకునేంత తేలిక కాదు. కన్ను చూడకముందే మనసు ‘ఇది కొబ్బరిచెట్టు’ అని తేల్చేస్తుంది, చేయి ఆ తేల్చినదాన్ని గీసేస్తుంది. చెట్టు అక్కడ అలాగే మిగిలిపోతుంది.

మన డెల్టాలో ఇది తెలుసుకోవడానికి ఆకుపచ్చను మించిన గురువు లేదు. కొత్తగా నేర్చుకునేవారు ట్యూబులో ఉన్న ఆకుపచ్చను తీసి తోటకూ చేనుకూ ఒకే విధంగా పూస్తారు. నారుమడిని నిదానంగా చూడండి. అది పసుపుకు చాలా దగ్గరగా ఉంటుంది, లెమన్ ఎల్లోలో నీలం కాస్త తగిలితే చాలు. సార్వా చేను పొట్టకొచ్చేనాటికి ఆ పసుపు లోపలికి పోయి, నీలం పైకి వస్తుంది. ఎండ వెనుక నుంచి పడుతున్న అరటాకు పచ్చగా వెలుగుతుంది, అదే ఆకును ఎండ పడుతున్న వైపు నుంచి చూస్తే ఆకాశం ప్రతిఫలించి నీలి తెలుపు తిరుగుతుంది. పాత కొబ్బరిమట్టలో ఆకుపచ్చ కంటే ఎల్లో ఓకర్ (మట్టిపసుపు), బర్న్ట్ సియన్నా (ఎర్రగోధుమ) ఎక్కువ. అల్ట్రామెరీన్ బ్లూను ఎల్లో ఓకర్‌తో కలిపితే తోటలోపలి నీడకు దగ్గరగా వస్తుంది. ఆకుపచ్చను మీరే కలుపుకుంటూ ఒక ఋతువు పాటు ఒకే తోటను వేయండి. నేను ఇంతకాలం చూస్తున్నది నా మనసులోని తోటనే అని ఒకనాడు స్పష్టంగా తెలుస్తుంది. ఆ తెలివిడి తోట దగ్గర ఆగదు. ఇంట్లో మనుషులను కూడా మనం తేల్చేసిన బొమ్మలుగానే చూస్తున్నామని నా దగ్గర నేర్చుకున్న పెద్దవారు కొందరు నాతో చెప్పారు, వారి మాట నాకు నిజమనిపించింది.

దీనికి ఉపకరించే అభ్యాసం ఒకటి చెబుతాను. అమెరికాలో చిత్రకళ బోధించిన కిమన్ నికొలాయిడిస్ దీనిని ప్రచారంలోకి తెచ్చాడు. ఒక ఆకునో చేతినో ఎదుట పెట్టుకుని, కాగితం వైపు చూడకుండా, కన్ను దాని అంచు వెంట ఎంత నెమ్మదిగా జరిగితే పెన్సిలును అంతే నెమ్మదిగా జరపాలి. గీత వంకరగా వస్తుంది, రావలసినదే. ఫలితాన్ని చూసుకునే అవకాశం లేనప్పుడు మెచ్చుకోలుకూ నిందకూ చోటుండదు. మీకు గోడ దగ్గర వస్తున్న చిక్కుకు ఇది చక్కని మందు.

నీటిరంగులే ఎంచుకున్నారు కనుక మరొక మాట. ఈ పద్ధతిలో తెల్లరంగు పూయరు, కాగితపు తెలుపునే వెలుగుగా మిగుల్చుకుంటారు. నీటి మీద మెరుపు కావాలంటే అక్కడ కుంచె పెట్టకుండా ఉండాలి, ఒకసారి రంగు పడితే ఆ తెలుపు మళ్ళీ రాదు. దేనిని వదిలిపెట్టాలో ముందుగా తెలుసుకుని పని మొదలుపెట్టడం, ఇంకొక్క పూత పూద్దామన్న ఆత్రాన్ని ఆపుకోవడం, ఇవి నియమాలేనని నా నమ్మకం.

వీలు చూసుకుని రాజమహేంద్రవరం వచ్చి దామెర్ల రామారావు చిత్రశాలను చూడండి. ఆయన 1897లో ఇక్కడే పుట్టారు. ఆర్ట్స్ కళాశాల ప్రిన్సిపాల్ ఆస్వాల్డ్ కూల్డ్రే ప్రోత్సాహంతో బొంబాయి జె.జె. స్కూల్ ఆఫ్ ఆర్ట్‌లో చదివి, తిరిగి వచ్చి ఈ ఊళ్ళోనే చిత్రకళాశాల పెట్టారు. 1925లో మశూచికం సోకి, ఇరవై ఎనిమిదేళ్ళు నిండకుండానే వెళ్ళిపోయారు. ఆ తరువాత ఆ పనిని నిలబెట్టినవారిలో మిత్రుడు వరదా వెంకటరత్నం ముఖ్యులు. ఒకే చిత్రం ముందు తొందర లేకుండా నిలబడండి. అంత తక్కువ ఆయుష్షులో ఆ గీతకు అంత నిదానం ఎలా అబ్బిందో నాకు ఇప్పటికీ ఆశ్చర్యమే.

మనుషులు లేకపోవడం గురించి నేను తొందరపడి ఏమీ చెప్పను. నాకంటే తెలిసినవారు చెబుతారు.


జవాబు: పరంజా (పాలకొల్లు దగ్గర)

అమ్మా, నమస్కారం. ఆలయాల గోపురాలకూ, ఉత్సవ వాహనాలకూ రంగులు వేయడం మా నాన్నగారి నాటి నుంచీ మా వృత్తి. దేవతామూర్తులనే వేయాలా అని మీరు అడిగారు గనుక ఆ ఒక్క విషయం మీద నాకు తెలిసినది చెబుతాను.

దేవతామూర్తిని వేయడంలో మా ఇష్టానికి చోటు చాలా తక్కువ. ప్రతి దేవతకూ ధ్యానశ్లోకం ఉంటుంది. చేతులెన్ని, ఏ చేతిలో ఏ ఆయుధం, శరీరచ్ఛాయ ఏది, ఆసనం ఏది అన్నవన్నీ అందులోనే ఉంటాయి. లక్ష్మీనరసింహుణ్ణి వేయాలంటే అమ్మవారు ఎడమ తొడ మీద కూర్చుంటుంది, అది మార్చడానికి మాకు అధికారం లేదు. బయటివారికి ఇది బంధనంగా కనిపిస్తుందేమో గాని, పని చేసేవాడికి దీనిలో గొప్ప విశ్రాంతి ఉన్నది. ఏమి వేయాలన్న చింత తీరిపోయాక మిగిలేది ఎంత శ్రద్ధగా వేస్తున్నాను అన్న ఒక్కటే. శ్లోకాన్ని లోపల చదువుకుంటూ, అది చెప్పినచోటికి చేయి పోతుంటే, వేస్తున్నది నేనన్న భావం దానంతటదే సన్నగిల్లుతుంది. మేము వేసిన బొమ్మల మీద మా పేర్లు ఉండవు. గోపురం పై అంతస్తులో ఉన్న ద్వారపాలకుడి ముఖం కింద నిలబడినవారికి కనిపించదు, అయినా పరంజా మీద కూర్చుని కనుబొమ దగ్గర నుంచి పూర్తిచేసే దిగుతాము. ఎవరూ చూడరు కదా అని ఒక్క ముఖాన్ని వదిలేస్తే, ఆ సంగతి వేసినవాడికి తెలుస్తూనే ఉంటుంది.

రంగుల సంగతి త్వరగా చెప్పేస్తాను. పాతకాలంలో జేగురు, దీపపు మసి, నీలిమందు, సుద్ద తుమ్మజిగురులో నూరి వాడేవారు. ఇప్పుడు ఎండకూ వానకూ తట్టుకోవాలి గనుక బయట పనికి ఎనామిల్, ఎమల్షన్ వాడుతున్నాము. సామగ్రి మారినంత మాత్రాన పనిలో శ్రద్ధ మారవలసిన అవసరం లేదు.

కన్నులు మాత్రం చివరనే వేస్తాము. ప్రతిష్ఠలో నేత్రోన్మీలనం, అంటే మూర్తికి కన్నులు తెరిపించే క్రియ, గురించి మీరు వినే ఉంటారు. వాహనం మీద గరుత్మంతుడైనా సరే, కన్ను దిద్దే రోజున తలస్నానం చేసి, ఆ పని అయ్యేదాకా ఏమీ తినకుండా కూర్చోవడం మా ఇంటి పద్ధతి. గోదావరిగట్టు గారు చెప్పిన చిత్రసూత్రంలోనే కన్నుల ఆకారాలు విడివిడిగా చెప్పబడ్డాయి. యోగంలో ఉండి నేలవైపు చూసే కన్ను ధనుస్సు ఆకారంలో ఉండాలన్నది అక్కడి మాట. ఆ వంపు తిరగాలంటే, వేసేవాడి మనసు కూడా ఆ క్షణంలో ఎటూ పరుగెత్తకూడదు. చేయి వణికితే మూర్తి ముఖం అంతా మారిపోతుంది.

ఇంత చెప్పినా, మీరు దేవుణ్ణి వేస్తేనే భక్తి అవుతుందని నేను అనను. మీ చేతికి చెట్టూ కాలువా వస్తున్నప్పుడు, ఆడపడుచు గారి మాట కోసం దేవుణ్ణి వేయవద్దు. మీకే వేయాలనిపిస్తే, మీ ఇష్టదేవత ఒక్కరినే తీసుకోండి. తెలుగు చెప్పినవారు గనుక ధ్యానశ్లోకం అర్థం చేసుకోవడం మీకు కష్టం కాదు. ముందు దానిని కంఠస్థం చేయండి, కళ్ళు మూసుకుంటే మూర్తి పూర్తిగా కనిపించేదాకా పెన్సిలు ముట్టవద్దు. వేసిన తరువాత ఆ పటాన్ని ఎక్కడ ఉంచుతారో కూడా ముందే ఆలోచించుకోండి, ఎందుకంటే దానిని తక్కిన కాగితాలతో కలిపి అటక మీద పడేయడానికి మీకు మనసొప్పదు.


జవాబు: భీమేశ్వరసన్నిధి (ద్రాక్షారామం)

పెద్దలు చెప్పినవాటిని గౌరవిస్తూనే, ఒక అభ్యంతరాన్ని ఇక్కడ ఉంచడం అవసరమని భావిస్తున్నాను. మనసు ఒకచోట నిలవడమే ఆధ్యాత్మికమైతే, పేకాట ఆడేవాడికీ గాలం వేసి కూర్చున్నవాడికీ కూడా అది దక్కినట్టే. వారికి కూడా కాలం తెలియదు, లోపలి మాటలు ఆగిపోతాయి. వేదాంత గ్రంథాలు సమాధికి నాలుగు విఘ్నాలు చెబుతాయి: లయం (నిద్రలోకి జారడం), విక్షేపం (మనసు చెదరడం), కషాయం (లోపలి రాగద్వేషాల వల్ల మనసు మొద్దుబారడం), రసాస్వాదం. నాలుగవది మీ ప్రశ్నకు నేరుగా సంబంధించినది. దారిలో కలిగిన సుఖాన్ని రుచి చూస్తూ అక్కడే ఆగిపోవడం కూడా అడ్డంకే అని పూర్వులు హెచ్చరించారు. మన ఆలంకారికులు సైతం కళ వల్ల కలిగే ఆనందాన్ని బ్రహ్మానందానికి సహోదరమన్నారే గాని, బ్రహ్మానందమే అనలేదు.

కనుక మీరు కాలువగట్టు మీద పొందుతున్న స్థితిని కాదనను, దానికి తొందరపడి పెద్ద పేరు పెట్టవద్దని మాత్రమే కోరుతాను. బొమ్మ ముగించి ఇంటికి వచ్చిన తరువాత ఏమవుతున్నదో చూడండి. పనిమనిషి ఆలస్యంగా వస్తే విసుగు తగ్గిందా, ఎవరైనా మీ బొమ్మను తక్కువ చేసి మాట్లాడితే లోపల ముల్లు గుచ్చుకుంటున్నదా, గుచ్చుకుంటే అది గుచ్చుకున్నదని తెలుస్తున్నదా? ‘బాగా వచ్చింది, పాడైపోయింది’ అన్న లెక్క మొదలవుతున్నదని మీరే రాశారు. దానిని మీరు గమనించగలిగారంటే, లెక్క వేసే మనసు ఒకటీ దాన్ని చూస్తున్నది మరొకటీ ఉన్నట్టే కదా. నా దృష్టిలో మీ ప్రశ్న మొత్తంలో అత్యంత విలువైన వాక్యం అదే. నీడలో కరిగిపోయిన క్షణం కంటే, ఆ లెక్కను పట్టుకున్న క్షణమే ఆత్మవిచారానికి దగ్గరగా ఉన్నది.

పారాయణకూ చిత్రానికీ పోటీ పెట్టవలసిన అవసరం నాకు కనిపించడం లేదు. అనుకూలిస్తే ఉదయం కొద్దిసేపు నామం చెప్పుకుని, ఆ తరువాత కుంచె తీయండి.


తిరిగి: వైనతేయతీరం

ఇంత శ్రద్ధగా రాసిన మీ ముగ్గురికీ నా కృతజ్ఞతలు. భీమేశ్వరసన్నిధి గారు చూపిన కోణం నాకు తోచనిది. బొమ్మ ముగిసిన తరువాతి సమయాన్ని నేను నష్టంగానే చూస్తూ వచ్చాను, అక్కడ కూడా చూడవలసినది ఉన్నదని ఇప్పుడు అర్థమవుతున్నది. పరంజా గారూ, ఆ పై అంతస్తు ద్వారపాలకుడి మాటను నేను మా ఆడపడుచుకు చదివి వినిపించాను. ఆమె చాలాసేపు ఏమీ అనలేదు, తరువాత ఆ వాక్యాలను మళ్ళీ చదవమన్నది.

మీ జవాబులు చదివాక అరుగు బొమ్మను మళ్ళీ వేయడానికి కూర్చున్నాను. అమ్మ అక్కడే కూర్చుని వత్తులు చేసుకునేది. ఆమెను వేయాలనుకున్నాను గాని, అరుగు వరకూ వచ్చి చేయి ఆగిపోయింది. బలవంతంగా వేయాలా, వదిలేయాలా? ఇంకొక చిన్న ప్రశ్న: వానలు మొదలైతే మా ఇంట్లో కాగితం మెత్తబడి రంగు మచ్చలు మచ్చలుగా పీలుస్తున్నది, దానికేమైనా ఉపాయం ఉన్నదా?


జవాబు: ఉప్పుటేరు (కాకినాడ)

వైనతేయతీరం గారూ, నేను మానసిక ఆరోగ్య రంగంలో సలహాదారుగా పనిచేస్తున్నాను. మీ మొదటి టపాలోనే ఈ విషయం నన్ను ఆపింది, మీరు మళ్ళీ ప్రస్తావించారు గనుక రాస్తున్నాను.

మేరియన్ మిల్నర్ అనే బ్రిటిష్ మనోవిశ్లేషకురాలు, తాను అనుకున్నట్టు బొమ్మలు ఎందుకు వేయలేకపోతున్నదో తెలుసుకోవాలని, చేతిని దాని ఇష్టానికి వదిలి వేసిన బొమ్మలను పరిశీలించి, 1950లో ఆ అనుభవాలను పుస్తకంగా ప్రచురించింది. ఒకసారి ఆమె అందమైన బీచ్ అనే జాతి వృక్షాలను వేయాలనుకుంటే, కాగితం మీద మంచు గుట్ట మీద తుఫానుకు అల్లాడే గిడసబారిన పొదలు వచ్చాయి. తన లోపల ఉన్నదని తాను ఒప్పుకోని కల్లోలం బొమ్మలోకి వచ్చిందని ఆమె క్రమంగా గ్రహించింది. మనం అనుకున్న బొమ్మకూ వచ్చిన బొమ్మకూ మధ్య ఉండే ఈ తేడాలో మన గురించి తెలుసుకోవలసినది చాలా ఉంటుంది. మీ విషయంలో తేడా ఇంకొక విధంగా కనిపిస్తున్నది, రావలసినది రాకుండా ఉండిపోయింది.

అయితే బొమ్మలో ఉన్న ప్రతిదానికీ అర్థం చెప్పేవారిని దయచేసి నమ్మవద్దు. నలుపు వేస్తే దిగులనీ, కిటికీ మూసి ఉంటే భయమనీ తేల్చే పట్టికలు చాలా తిరుగుతున్నాయి. ఒక మనిషి బొమ్మకు అర్థం ఆ మనిషితో మాట్లాడితేనే, అదీ నెమ్మదిగా, బయటపడుతుంది. అరుగు మీద ఎవరూ లేకపోవడం మీ అమ్మగారు లేకపోవడమే కావచ్చు, అంటే మీరు ఉన్నదాన్ని ఉన్నట్టే వేస్తూ ఉండవచ్చు. నాకు మాత్రం ఆ ఖాళీ అరుగులో తప్పేమీ కనిపించడం లేదు.

బలవంతం చేయవద్దు, అలాగని పూర్తిగా తప్పుకోనూ వద్దు. ముఖంతో మొదలుపెట్టకండి. ఆమె వాడిన వస్తువులు వేయండి. కళ్ళజోడు, వత్తులు పెట్టుకునే బుట్ట, కొంగుకు కట్టుకునే తాళంచెవులు, ఏవి మీ దగ్గర ఉంటే అవి. వాటిని ఎదుట పెట్టుకుని, గోదావరిగట్టు గారు చెప్పినట్టు అంచు వెంట నిదానంగా చూస్తూ గీయండి. తరువాత, మీకు సిద్ధంగా అనిపించినప్పుడు, వత్తి చేస్తున్న చేతులు మాత్రమే వేయండి, మీ చేతులనే చూసి వేసినా సరే. తల్లి చేతుల పోలిక కూతురి చేతుల్లో తరచు ఉంటుంది. ఏడుపు వస్తే కుంచె పక్కన పెట్టి ఏడవండి, ఆ రోజుకు పని అంతే.

ఒక జాగ్రత్త కూడా చెప్పాలి. బొమ్మ వేయడం దుఃఖానికి తోడుగా ఉంటుంది, కానీ వైద్యం అవసరమైనచోట అది వైద్యానికి బదులు కాదు. నిద్రా ఆకలీ వారాల తరబడి సరిగా లేకపోతే, దేనిమీదా ఆసక్తి పుట్టకపోతే, బతకడం ఎందుకన్న ఆలోచన వస్తే, ఆలస్యం చేయకుండా వైద్యుణ్ణి కలవండి. మీ రాతలో నాకు అటువంటి సూచనలు కనిపించలేదు, అయినా ఇది చదివే ఇతరుల కోసం కూడా చెబుతున్నాను.


జవాబు: చుక్కలముగ్గు (అంబాజీపేట)

అందరూ పెద్ద విషయాలు చెప్పారు. మన గడపల ముందు రోజూ జరిగే చిత్రకళను ఎవరూ తలచుకోలేదే అని రాస్తున్నాను. మా అత్తగారు ధనుర్మాసం అంతా చీకటితోనే లేచి, కళ్ళాపి చల్లి, బియ్యప్పిండితో చుక్కలు పెట్టి మెలికలముగ్గు తిప్పేవారు. చుక్కను తాకకుండా దాని చుట్టూ తిరుగుతూ పోయిన గీత, మొదలుపెట్టినచోటికే వచ్చి కలవాలి. ఆవిడ వేస్తున్నంతసేపూ ఎవరితోనూ మాట్లాడేవారు కాదు. పొద్దెక్కేసరికి చీమలూ పిచ్చుకలూ తిన్నంత తినేవి, మిగిలినదాని మీద సైకిళ్ళు నడిచేవి. ఆవిడ ముఖంలో నొప్పి ఏనాడూ చూడలేదు. టిబెట్ బౌద్ధ భిక్షువులు రోజుల తరబడి రంగుల ఇసుకతో మండలమనే పవిత్ర చిత్రాన్ని వేసి, పూర్తయిన తరువాత దానిని చెరిపి, ఆ ఇసుకను పారే నీటిలో కలుపుతారు. వారి విధానం చూసినప్పుడు నాకు మా వాకిలే గుర్తుకు వచ్చింది.

చుక్క అంటే మరొక మాట. మధ్యప్రదేశ్‌లోని మండ్లా జిల్లాలో 1922లో పుట్టిన చిత్రకారుడు ఎస్.హెచ్. రజా చిన్నప్పుడు బడిలో కుదురుగా కూర్చోకపోతే, పంతులుగారు గోడమీద ఒక చుక్క పెట్టి దానినే చూడమన్నారట. పారిస్‌లో ఎంతో పేరు తెచ్చుకున్న తరువాత, నడివయసు దాటాక ఆయన ఆ చుక్క దగ్గరికే తిరిగి వచ్చి, బిందువును తన చిత్రాలకు కేంద్రం చేసుకున్నారు.

వైనతేయతీరం గారికి నా సూచన ఒక్కటే. గోడకు ఆనించి చూసుకోవడం దగ్గరే ఇబ్బంది వస్తున్నది గనుక, కొన్నాళ్ళు రోజూ ఉదయం వాకిట్లో వేసి, అక్కడే వదిలేసి లోపలికి రండి. పారాయణ చేసే మీ ఆడపడుచు గారిని కూడా పిలిచి చుక్కలు పెట్టమనండి. ముగ్గు విషయంలో ఆవిడకు అభ్యంతరం ఉండదని నా నమ్మకం.


జవాబు: గోదావరిగట్టు (రాజమహేంద్రవరం)

వానాకాలపు ప్రశ్నకు జవాబు మిగిలిపోయింది. కాగితం తడిని సమంగా పీల్చడానికి తయారీలోనే దానికి జిగురు పట్టిస్తారు. తేమలో ఎక్కువకాలం ఉంటే ఆ జిగురు చెడిపోయి, మీరన్నట్టు రంగు మచ్చలుగా దిగుతుంది. అటువంటి కాగితం మళ్ళీ బాగుపడదు, దానిని పెన్సిలు పనికి వాడుకోండి. కొత్తగా కొనేటప్పుడు 300 జి.ఎస్.ఎం. (చదరపు మీటరుకు 300 గ్రాముల బరువు) ఉన్నది కొద్దికొద్దిగా తెచ్చుకుని, గట్టిగా మూతపడే ప్లాస్టిక్ డబ్బాలో తేమ పీల్చే సిలికా జెల్ పొట్లాలు వేసి ఉంచండి. గోడవారన గాని నేలమీద గాని పెట్టకండి. ముసురు పట్టిన రోజుల్లో ఒక పూత ఆరడానికే పూట గడిచిపోతుంది గనుక, పూత మీద పూత వేసే బొమ్మలు పెట్టుకోవద్దు. తడి కాగితం మీదనే రంగు వదిలి, అది తనంతట పాకేలా వేసే పద్ధతికి ఆ వాతావరణం బాగా అనుకూలిస్తుంది. జూలై, ఆగస్టుల్లో వరదనీరు ఎర్రబడి వస్తుంది కదా, ఆ ఎరుపును బర్న్ట్ సియన్నాతో ఇలాగే వదిలి చూడండి.

భీమేశ్వరసన్నిధి గారు చెప్పిన పరిశీలనకు ఉపయోగపడే అలవాటు ఒకటి నేను నా విద్యార్థులకు చెబుతుంటాను. బొమ్మ ముగియగానే గోడకు ఆనించకుండా వెనక్కి తిప్పి, తేదీ, వేళ, వెలుగు ఎటునుంచి పడుతున్నదో, ఎక్కడ తొందరపడ్డారో, ఎక్కడ చేయి ఆగిందో పెన్సిలుతో రాయండి. బాగుందని గాని బాగాలేదని గాని రాయకండి. అరుగు బొమ్మ వెనక కూడా అలాగే రాసి ఉంచండి, దసరా తరువాత ఈ కాగితాలన్నీ తీసుకుని రాజమహేంద్రవరం రాగలిగితే చిత్రశాల చూశాక కూర్చుని వాటిని చదువుదాము.